రెండు ముక్కల బరకం

మార్కండేయులు మొండోడు. వాడి తమ్ముడు భావన్నారాయణ ఇంకా మొండోడు. ఇద్దరిదీ నేతపనే. ఇద్దరూ వేరుపడ్డారంట. పెంకుటిల్లు ఒకటే, రెండు వాలులూ కలిసే కొప్పు కిందగా నడిమికి పచ్చి ఇటుకల గోడ లేపి, తూర్పు వాలు కింద పెద్దోడు, పడమటి వాలు కింద చిన్నోడు. రోలు ఒకడికి, రోకలి ఒకడికి. నవ్వబాకండి, పంపకాలన్నాక అట్టాగే ఉంటయ్. ఆఖరికి మిగిలింది ఏందంటే వాళ్ళ నాయన కొన్న నీలం బరకం, అదే టార్పాలిన్ పట్టా. వీధిలో పడుగు సాగదీసినప్పుడు వానొస్తే పైన కప్పేదానికి కొన్నాడనుకో, చానా పొడుగుది. నాక్కావాలంటే నాక్కావాలన్నారు. పెద్దమనుషులు చెప్పి చెప్పి విసిగిపోయి, మా ఇంట్లోంచి కత్తెర తెప్పించి నడిమికి కత్తిరించి చెరో ముక్క చేతిలో పెట్టారు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. ఏదన్నా చెప్పాలంటే గోడకి చెప్పేవోళ్ళు. "ఏమే గోడా, నీ అవతల పొయ్యి పొగంతా నా నూలు మీదకొస్తంది" అని పెద్దోడంటే, "గోడా, పొగ పడనోణ్ణి పొలంలో పడుకోమను" అని చిన్నోడు. వీళ్ళకి మాటల్లేవు గానీ మగ్గాలకి ఉన్నయ్. గోడకి ఈ పక్కొకటి, ఆ పక్కొకటి గుంట మగ్గాలు. పెద్దోడు పేక పోగు బిగించే పలక లాగితే టక్, చిన్నోడు లాగితే టక్. ఒకటాగితే రెండోది సాగేది కాదంట.

ఏమైందంటే, గాలివాన కొట్టింది. పక్కింటోళ్ళ కొబ్బరిచెట్టు తల విరిగి సరిగ్గా కొప్పు పక్కన పడింది. పెద్దోడి వాలు మీద పెంకులు చితికిపోయి, లోపల్నుంచి చూస్తే మబ్బులు కనపడతన్నయ్. కిందేమో మగ్గం. మగ్గం మీద అప్పుడే ఎక్కించిన పడుగు, గంజి పెట్టింది. తడిస్తే పోగులు ఒకదానికొకటి అతుక్కుని తెగిపోతయ్. గుంట మగ్గమాయె, పక్కకి జరపలేం. పడుగు పాడుచేసినోడికి సావుకారు మళ్ళీ నూలివ్వడు. నూలు లేకపోతే మార్కండేయులు ఏం చేస్తాడు, చెప్పండి? ఆ గుంటలో చేపలు పెంచుకోవాల. వాడి పెళ్ళాం పేరిందేవి ఇంట్లో ఉన్న చీరలూ దుప్పట్లూ తెచ్చి పడుగు మీద కప్పి, "ముందు బరకం ఎక్కించవయ్యా, పెంకులు తర్వాత నేయించుకోవచ్చు" అందంట.

సరేనని పెద్దోడు తన ముక్క భుజానేసుకుని నిచ్చెనెక్కాడు. ముక్క కొప్పు దాకానే వచ్చింది. కొప్పు దాటించి అవతల చూరుకి కట్టకపోతే గాలికి నిలవదు. కత్తిరించిన అంచుకి తాడు కట్టే రింగులు కూడా లేవాయె. ఇసక మూట పెట్టాడు, గాలి లేపింది. రాయి పెట్టాడు, గాలి లేపింది. ఆ రాయి జారి చిన్నోడి పెంకు పగిలింది. కిందనుంచి చిన్నోడు అరిచాడంట, అన్నతో కాదు, గోడతో. "గోడా, నా వాలు మీద రాళ్ళేస్తే ఊరుకునేది లేదని చెప్పు!" "గోడా, బరకం రెండో ముక్క వాడి కట్టెల మీద పడుంది, వానకి తడిస్తే కట్టెలకి జలుబు చేస్తదేమో కనుక్కో!" అని పెద్దోడు.

చిన్నోడు లోపలికి పోయి మగ్గంలో కూర్చున్నాడు. పలక లాగాడు, టక్. గోడ అవతల చప్పుడు లేదు. మళ్ళీ లాగాడు, టక్. లేదు. పేరిందేవి గుంటలో నీళ్ళు చెంబుతో తోడిపోస్తన్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. పోగు తెగింది. ముడేశాడు, మళ్ళీ తెగింది. వాడి పెళ్ళాం శేషారత్నం చూసి చూసి, "రోషం కప్పుకుని కూర్చుంటావా ఏంది? ఆ కట్టెల మీదది పట్రా" అందంట. వాడు లేచి గోడ తడిమి చూశాడు. "గోడ నానతంది. పచ్చి ఇటుక. కూలిందంటే నా మగ్గం మీదే పడద్ది. గోడ కోసం ఇస్తన్నా, వాడి కోసం కాదు" అన్నాడు. గోడ కోసమేనంట! మనం నమ్మాల.

తోడికోడళ్ళు చూరు కింద కూర్చుని, దబ్బనం, పురికొస తీసుకుని కత్తిరించిన అంచులు రెండూ కలిపి కుట్టారు. ఈ నిచ్చెన మీద అన్న, ఆ నిచ్చెన మీద తమ్ముడు. బరకాన్ని కొప్పు మీదుగా పరిచి, ఈ చూరుకి పెద్దోడు, ఆ చూరుకి చిన్నోడు తాడు బిగించాల. ఒకడు లాగితే ఒకడు వదలాల, ఎప్పుడు లాగాలో ఎప్పుడు వదలాలో చెప్పుకోవాల. గోడకి చెబుదామా అంటే, కొప్పు మీద గోడ లేదే! ఇంతలో గాలి బరకాన్ని బుస్సున లేపింది. "లాగరా ఎదవా!" అన్నాడు పెద్దోడు. "ముందు నువ్వు వదులన్నా, వదిల్తే గదా లాగేది!" అన్నాడు చిన్నోడు.

పడుగు నిలిచింది. అంచున కాసిని పోగులు పోయినయ్, అంతే. వానలు తగ్గినాక పెంకులు నేయించారు. పెంకులోడు పని అయిపోగానే బరకం మళ్ళీ పైనేసి పోయాడంట. రెండ్రోజులకని కట్టిన బరకం, ఇప్పటికీ అక్కడే ఉంది, కావాలంటే పోయి చూడండి. ఎందుకు తియ్యరయ్యా అంటే, "తీసినాక ఎవరింట్లో పెట్టాల?" అంటాడు పెద్దోడు. కుట్టు విప్పి ఎవరిది వాళ్ళు తీసుకోండి అంటే, "మా ఆడోళ్ళు కుట్టింది విప్పితే అన్నం పెట్టరు" అంటాడు చిన్నోడు. ఎండకి చివికి చిల్లులు పడింది. ఇద్దరూ కలిసి కొత్తది కొంటారంట. కొననీ. దాన్ని పంచుకునేదానికి వస్తే మాత్రం, నా ఇంట్లో కత్తెర లేదు.