ఒకటో నంబరు గొంతు

ముందు గదిలో కంప్యూటర్ దగ్గర ఆయన, తలుపు మూసిన వెనక గదిలో మైకుల మధ్య ఆవిడ. ఒకరి మాట ఒకరికి హెడ్‌ఫోన్లలోనే వినిపిస్తోంది. పెళ్లయిన ఈ తొమ్మిదేళ్లలో ఆయన ఆవిడ మాట ఇంత శ్రద్ధగా వినేది మైకులు చెక్ చేసేటప్పుడే.

"పదిహేడో మైకు. ఏదో ఒకటి పాడు."

"ఏదో ఒకటే పాడుతున్నానుగా, పదహారు మైకుల నుంచీ."

"మాటలు కాదు, పాట. లెవెల్ చూసుకోవాలి."

"పొయ్యి మీద పాలున్నాయి, గొంతులో పాటుంది... ఏది ముందు పొంగుతుందో..."

"చాలు, చాలు. వస్తోంది. పద్ధెనిమిది."

"నిజంగానే పొయ్యి మీద పాలున్నాయండీ."

"సిమ్‌లో పెట్టావుగా. పద్ధెనిమిది."

"రెండు పెట్టెలున్నప్పుడు పదహారు మైకులు, పాడేది మీరొక్కరు. మూడో పెట్టె తెచ్చి ఇరవై నాలుగు చేశారు. పాడేది ఇంకా మీరొక్కరే."

"పెట్టె కాదు, ఎనిమిది మైకులు తగిలించే ఇంటర్‌ఫేస్. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? రేపు సీరియల్ వాళ్లు వస్తున్నారు. వాయిద్యాల వాళ్లే తొమ్మిది మంది. మనిషికి రెండు మైకులైనా ఉండొద్దూ? అందుకే మూడింటినీ నెట్‌వర్క్‌లో కలిపా. ఒక్క వైరు మీద అన్నీ కంప్యూటర్లోకి వచ్చేస్తాయి."

"వచ్చేస్తే మరి పొద్దున్నుంచీ బల్ల కింద దూరి ఏం చేస్తున్నారు?"

"క్లాకు కుదరలేదు. మూడింట్లో ఒకటి పెద్దగా ఉండాలి, మిగతా రెండూ దాని లెక్కన నడవాలి. ఇవేమో మూడూ నేనే పెద్దంటే నేనే పెద్దన్నాయి."

"మీ అన్నదమ్ములు గుర్తొస్తున్నారు."

"మా వాళ్ల ఊసెందుకిప్పుడు? కుదిరిందిలే. ఊఁ, పద్ధెనిమిది."

"పొయ్యి మీద పాలున్నాయి..."

"ఇంకో పాటే రాదా నీకు?"

"వచ్చు. ఎవరూ అడగలేదు."

"సరే, పందొమ్మిది. పదేళ్లు చెప్పులరిగేలా తిరిగా ఈ ఒక్క ఛాన్సు కోసం. ఈ టైటిల్ సాంగ్ కూడా చేజారితే ఇక పాట జోలికే పోనని ఒట్టు పెట్టుకున్నా. శాంపిల్ వినగానే ఒప్పేసుకున్నారు, తెలుసా?"

"ఏమన్నారో ఇంకోసారి చెప్పండి. ఈ వారంలో పద్నాలుగుసార్లే చెప్పారు."

"గొంతులో తడి ఉందన్నారు. పల్లవి వింటుంటే సొంతింట్లో కూర్చున్నట్టుందన్నారు."

"మీ పల్లవి సముద్రం మీద కదా?"

"సముద్రమంటే... అదొక భావం. ఎవరికి ఎలా తోస్తే అలా."

"వాళ్లకి ఇల్లు తోచిందన్నమాట. మీ గొంతు అన్నారా, ఉత్త గొంతు అన్నారా?"

"గొంతు అన్నారు. నేను పంపితే నాది కాక ఇంకెవరిదంటారు? ఇరవై."

"పొయ్యి మీద పాలున్నాయి... సరిపోయిందా? ఇంతకీ ఏ నంబరు మైకు రికార్డింగు పంపారు?"

"ఒకటి. నా గొంతు ఎప్పుడూ ఒకటో నంబరే. ఈ ఇంట్లో అందరికీ తెలుసు."

"అందరమంటే నేనొక్కదాన్నేగా. పంపేముందు విన్నారా?"

"నా గొంతు నేను వినేదేంటి? నాకు తెలీదా?"

"ఎప్పుడు పంపారు?"

"సోమవారం. ఈ మూడోది తగిలించి, నీతో మైకులు చెక్ చేయించి, నా పాట రికార్డు చేసి, ఆ సాయంత్రమే పంపా. ఏంటీ పోలీసు ప్రశ్నలు?"

"ఏం లేదు. ఆ రోజు మీరే అన్నారు. కొత్త పెట్టె వచ్చి వరుసలో అందరికంటే ముందు కూర్చుంది, ఒకటి నుంచి ఎనిమిది దాకా అదే లాగేసుకుంది, పాతవన్నీ ఎనిమిదేసి వెనక్కి జరిగాయి అని."

"అవును, అది మామూలే. నా ఒకటి కాస్తా తొమ్మిదిలోకి..."

"ఊఁ."

"ఆగు."

"ఆగాను."

"మరి ఒకట్లో ఏముంది?"

"వినండి. మౌసు మీ చేతిలోనే ఉందిగా."

"ఇది... ఇది నువ్వు. పాలు."

"అదే. ఇంకో పాట రాదుగా నాకు."

"అయ్యో. కొంప మునిగింది. ఉండు, ఇప్పుడే ఫోన్ చేస్తా. పొరపాటున మా ఆవిడ మైకు చెకింగ్ వచ్చింది, అసలు పాట వేరే ఉంది, పంపుతున్నానని చెప్తా."

"అక్కర్లేదు. మధ్యాహ్నం మీరు వైర్ల కోసం బజారుకెళ్లినప్పుడు వాళ్లే చేశారు, పాడినావిడతో మాట్లాడాలని. అచ్చం ఇవే మాటలు చెప్పి, మీ తొమ్మిదో నంబరు నేనే పంపించాను."

"పంపావా? బతికించావు. విన్నారా?"

"విన్నారు. మీ సముద్రం మొత్తం, చివరిదాకా. విని మళ్లీ చేశారు. ఫోన్ పెట్టేశాక నేను ఈ మైకు ముందే ఇంకో పాట పాడి చూసుకున్నాను."

"నీ సంగతి తర్వాత. ఏమన్నారు?"

"గది బాగుందన్నారు. మైకులు చాలా బాగున్నాయన్నారు."

"గొంతు?"

"ఆ మాట ఎత్తలేదు."

"ఎత్తకపోవడమేంటి? రేపు పాడేదెవరు మరి?"

"ఇంకా నాలుగు మైకులు మిగిలాయి. నేను రేపటికి గొంతు దాచుకోవాలి. పాలు దించేసి ఇటొచ్చి, ఒక్కోదానిలో ఏదో ఒకటి పాడండి. నేనక్కడ కూర్చుని వింటాను."