చిట్టిబాబు ఆర్పిన లైటు

"తాతయ్యా, ఫోన్లో రికార్డు పెట్టేను. పికప్పు బండికి ఏదో పెట్టె మార్పించినప్పుడు చిట్టిబాబు గారితో ఏదో అయిందంట కదా. అది చెప్పండి."

పెట్టేవా? సరే. ఆ ఫేను కాస్త తగ్గించమ్మడూ, దాని చప్పుడే పడుద్ది. ఊఁ, అయితే విను.

బండి నువ్వెరిగిందే, మన అరటి గెలల కాటా పక్కన షెడ్డులో ఉంటుంది చూడు, అదే. సెకండ్ హేండుది. ఎంతకి కొన్నానో మీ అమ్మమ్మనడుగు, నాకు గుర్తులేదు. మా నాన్నగారి రోజుల్లో బండీ లేదు ఏమీ లేదు, గోదావరి లంకలో గెలలు కోసి పడవ మీద ఇవతల గట్టుకి తెచ్చేవారు. మా పెద్దన్నయ్య గెడ వేసేవాడు. ఆయన భుజాలు ఎలా ఉండేవంటే... సర్లే, ఆయన సంగతి వేరు. చిట్టిబాబు గురించి కదా నువ్వడిగింది.

చిట్టిబాబు మన దగ్గర పదేళ్ళు తోలేడు. పదేళ్ళా, పదకొండా? మీ అమ్మ పెళ్ళికి ఉన్నాడు, అంటే పదకొండే. మాట తక్కువ మనిషి. ఏం చెప్పినా ఆయ్ అనేవాడు, చేసేసేవాడు. చీకటితోనే వచ్చి అద్దం తుడిచి, తెల్లారేసరికి గెలలేసుకుని రావులపాలెం మార్కెట్టుకి వెళ్ళిపోయేవాడు. నేనెప్పుడూ ఒక్క మాటనలేదు. అంటే, ఆ ఏడాది వరకూ.

ఆ ఏడు వర్షాలు బాగా పడ్డాయి. వర్షాలు వెనకపట్టేక ఒకరోజు పొద్దున్న బండి స్టార్టవలేదు. బేటరీ చచ్చిపోయింది. చూస్తే లోపల, నెత్తి మీద ఉంటుంది చూడూ చిన్న లైటు, అది మినుకు మినుకుమంటోంది. "ఏం చిట్టిబాబూ, లైటు ఆర్పలేదా?" అన్నాను. "ఆర్పేనండి" అన్నాడు. సర్లే అనుకున్నాను. నాలుగు రోజులకి మళ్ళీ అంతే. కొత్త బేటరీ వేయించేను. వారం తిరక్కుండా అదీ పడుకుంది. ఎప్పుడడిగినా ఒకటే మాట, ఆర్పేనండి. లైటేమో నా కళ్ళ ముందు వెలుగుతోంది. ఏమనుకుంటాను చెప్పు?

ఒకరోజు లోడు పూర్తిగా ఎక్కించేసేరు. చక్రకేళి, బాగా పండు తిరిగిన సరుకు, ఆ పూట మార్కెట్టుకి చేరకపోతే ఇంక ఎవడూ ముట్టుకోడు. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది. గెలలెక్కించే జట్టువాళ్ళు ఎనిమిది మందీ అక్కడే ఉన్నారు. వాళ్ళందరి ముందూ అన్నాను. "నువ్వు ఆర్పితే మరెవరు వెలిగించేరు? రాత్రిళ్ళు బండిలో కూర్చుని తాగుతున్నావా ఏంటి?" అని.

అతను తాగడమ్మా. ఎప్పుడూ తాగలేదు. వాళ్ళ నాన్న తాగి తాగి పోయేడు, అందుకని వాసన కూడా పడదతనికి. నాకు తెలుసు ఆ సంగతి. తెలిసే అన్నాను.

అతను బండి తలుపు వేసేడు. తాళం తెచ్చి కాటా మీద పెట్టేడు. "ఆయ్, వస్తానండి" అన్నాడు, వెళ్ళిపోయేడు. మర్నాడు వస్తాడనుకున్నాను. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేనూ కబురు పెట్టలేదు. మీ అమ్మమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అన్నం పెట్టి పక్కకెళ్ళిపోయేది.

తరవాతేమైందంటే, ఓ రెండు వారాలకి, మిట్ట మధ్యాన్నం, నేను షెడ్డులో కుర్చీలో కూర్చున్నాను. బండి తాళం వేసుంది. తాళం నా జేబులో ఉంది. చుట్టుపక్కల మనిషి లేడు. ఉన్నట్టుండి వైపర్లు ఆడుతున్నాయి. ఎండలో, పొడి అద్దం మీద, కీసుకీసుమని. అవి ఆగేయి, తలుపుల లాకులు టకటకమని పడ్డాయి, లేచేయి. ఆ వెనక లోపల లైటు వెలిగింది. దానంతటదే.

లేవలేకపోయేనమ్మా. ఆ లైటుకేసి చూస్తా కూర్చున్నాను.

మర్నాడు బండిని అమలాపురం తీసుకెళ్ళేను. అక్కడ ప్రభుదాసు మాస్టారని, నాతో చదువుకున్నాయన, వాళ్ళ అమ్మాయి గ్రేసుకి బళ్ళ కరెంటు పని షాపుంది. ఆ ఇంట్లో అందరూ మాస్టార్లే, ఈ అమ్మాయి ఒక్కత్తే ఇలా వచ్చింది. "అంకుల్ గారూ, ఏదీ మార్చకండి, ముందు చూద్దాం" అంది. బండి ఆపేసి, తాళం వేసి, బేటరీకి మీటరు తగిలించింది. అరగంట కదల్లేదు. తరవాత ఫ్యూజులు ఒక్కోటీ పీకుతా మీటరు చూస్తా, పీకుతా చూస్తా. ఒకటి పీకేసరికి ముల్లు... ముల్లు కాదులే, ఇప్పుడన్నీ అంకెలు కదా, ఆ అంకె పడిపోయింది. అప్పుడు స్టీరింగు కింద అట్ట ఊడదీసి ఓ నల్ల పెట్టె బయటికి తీసింది. నా అరచెయ్యంత ఉంటుంది. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారంట. లైట్లూ వైపర్లూ హారనూ తలుపులూ, అన్నిటికీ హుకుం అదే ఇస్తుందంట.

"బండికి తాళం వేసేక ఇది నిద్రపోవాలండీ. ఇది పడుకోట్లేదు. బేటరీని తాగేస్తోంది" అంది. సాకెట్టు ఊడదీసి చూపించింది. పిన్నులు పచ్చగా చిలుం పట్టేసి ఉన్నాయి. "నీళ్ళు దిగేయండి. ముందద్దం రబ్బరు దగ్గర్నించి వైరు పట్టుకుని దిగేయి. కారుతోందని మీకెవరూ చెప్పలేదా?"

చెప్పేడు. చిట్టిబాబు రెండుసార్లు చెప్పేడు. వర్షాలు తగ్గేక చూద్దాంలే అన్నది నేను.

కొత్త పెట్టె రావడానికి పది రోజులు పట్టింది. పాత బండి కదా, ఎక్కడో వెతికి తెప్పించింది. బేటరీ వైరు తీసి, ఇది బిగించి, రబ్బరు కూడా కొత్తది వేయించి, ఇంక లాప్‌టాప్ పెట్టి దానికి మన బండిని పరిచయం చెయ్యాలంది. తాళాలు కూడా. రెండు తాళాలూ ఒకేసారి తెస్తే మంచిదండి, ఒకటున్నా అవుద్ది అంది. రెండోది చిట్టిబాబు దగ్గరుండిపోయింది. ఒకటున్నా అవుద్దని చెప్పింది కదా, అయినా నేను ఆ వంక పెట్టుకుని బయల్దేరేను.

రాజోలు దగ్గర ఐసు వేను తోలుతున్నాడప్పటికి. ఇంటికెళ్ళేను. వాళ్ళావిడ కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. అతను లుంగీ సర్దుకుంటా వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పు బండిలో ఉంది చిట్టిబాబూ, నీ దగ్గర లేదు" అన్నాను.

"ఆయ్. తెలుసండి."

"తెలిస్తే మరి నాకు చెప్పొచ్చు కదా?"

"చెప్పేనండి. ఆర్పేనని చెప్పేను కదండి."

గ్లాసు కింద పెట్టేను. మళ్ళీ రమ్మని అడిగేను. "ఇక్కడ కుదిరిందండి" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. లోపలికెళ్ళి కాగితంలో చుట్టిన తాళం తెచ్చి నా చేతిలో పెట్టేడు. పంపుదామనే అనుకున్నాడంట, పంపడానికి మనిషి దొరకలేదంట. గుమ్మం దాకా వచ్చి అన్నాడు, "ఒక్క మాటండి. ఆ మాట ఎక్కడన్నారో అక్కడ చెప్పండి. నా దగ్గర అక్కర్లేదు."

పెట్టె బాగానే కూర్చుంది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా బేటరీ పడుకోలేదు. మర్నాడు పొద్దున్న జట్టువాళ్ళు వచ్చేక కాటా దగ్గర నిలబడి చెప్పేను. చిట్టిబాబు లైటు ఆర్పేడు, బండిలో పెట్టె పాడైంది, నేను తప్పుగా అన్నాను, అతను తాగడు, అని. ఎవరూ తలెత్తలేదు. వాళ్ళలో పెద్దాయన, వీరన్న, తలపాగా చుట్టుకుంటా అన్నాడు. "మాకు తెలుసండి. ఆ రోజే తెలుసు. గెలలెక్కించమంటారా?"

ఎక్కించమన్నాను.

అంతేనమ్మా. చిట్టిబాబు ఎప్పుడైనా సెంటర్లో కనబడితే వేను ఆపి పలకరిస్తాడు, అమ్మగారెలా ఉన్నారండి అంటాడు. నేనూ పిల్లల్ని అడుగుతాను. బండి ఊసు మాత్రం ఇద్దరం ఎత్తం.

నీకు ఉద్యోగం వస్తుందంటున్నారు కదా. రానీ. నువ్వొక మాట చెబితే చెప్పినట్టు నమ్మేవాళ్ళ దగ్గర దొరకాలి నీకు. రేపు నీ కింద కూడా నలుగురు పనిచేస్తారు, వాళ్ళ మాట నువ్వూ అలాగే... ఊఁ. చల్లగా ఉండమ్మా. ఇంక ఆపెయ్ అది.