స్టేక్ చల్లారేదాకా

పొద్దున లేచిన దుమ్ముకు ఆకాశం మధ్యాహ్నం దాకా గోధుమపిండి రంగులోనే ఉండిపోయింది. దోహా నగరంలో, ఉమ్ ఘువైలినా పేటలోని ముప్పై ఏళ్లనాటి స్టేక్ హోటల్లో, గోదావరి జిల్లా భార్యాభర్తలు పెళ్లిరోజు భోజనానికి కూర్చున్నారు. చుయ్యిమంటున్న ఇనుప పెనాల మీద స్టేకులు వచ్చాయి. ముసలి వెయిటర్ అలవాటుకొద్దీ మూడో ప్లేటు కూడా పెట్టాడు.

“ఆ ప్లేటు తీసేయమను.”

“ఉండనివ్వండి. ఏటా ముగ్గురమేగా వచ్చేవాళ్లం. ముందు ప్రార్థన కానివ్వండి.”

“తండ్రీ, ఈ ఆహారాన్ని దీవించు. మా అన్నయ్య మోకాళ్ల నొప్పులు తగ్గించు. మా అత్తయ్యను, పాస్టరుగారిని, మా మేనేజరుని చల్లగా చూడు. ఆమెన్.”

“నేను ఆమెన్ అనను.”

“మళ్లీ ఏమైందే?”

“మేనేజరు గుర్తొచ్చాడు గానీ కడుపున పుట్టినవాడు గుర్తురాలేదా? వాడుండే మెసయీద్ ఎంత దూరమండీ, గంట!”

“చెప్పకుండా పెళ్లి చేసుకున్నోడి పేరు నా నోట రాదు.”

“రెండేళ్లుగా ఇదే పాట. వినలేక చస్తున్నాను. వాడి పేరు వచ్చేదాకా ముక్క ముట్టను.”

“స్టేక్ చల్లారిపోతోందే.”

“చల్లారనివ్వండి. మీ మేనేజరు వచ్చి తింటాడు.”

పెనాల చప్పుడు ఆగిపోయింది.

“తండ్రీ, ఇందాక ఒక పేరు మర్చిపోయాను.”

“మర్చిపోలేదు, మానేశారు.”

“ప్రార్థనలో అడ్డు రాకు. మా జాషువాని కాపాడు తండ్రీ. వాడి పెళ్లాం రెజీనాని కూడా. ఆ పిల్లకి నెలలు నిండాయంట, సుఖంగా ప్రసవమయ్యేలా చూడు.”

“ఆ సంగతి మీకెవరు చెప్పారండీ?”

“ముందు ఆమెన్ అను.”

“ఆమెన్.”

మూడో ప్లేటు తీయబోయిన వెయిటర్‌ని ఆయన చెయ్యెత్తి ఆపాడు. చల్లారి గట్టిపడిన మాంసాన్ని ఇద్దరూ కోసుకుని తిన్నారు.