ఇంటికి పెళ్లిచూపులు చేయించిన చాముండేశ్వరి గారు

రెండువేల నాలుగవ సంవత్సరం ఆగస్టు తొమ్మిదవ తేదీ సోమవారం నాడు, టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కోలోని మన గృహరుణాల కార్యాలయంలో శ్రీమతి చాముండేశ్వరి గారు దస్త్రాల విభాగ సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి ఊళ్లో సగం వీధులు ఇంకా పొలాలే. కార్యాలయంలో తెలుగు పలికే గొంతు ఆమెది ఒక్కటే. ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆమె గురించి మన పత్రికలో నాలుగు మాటలు రాయడం ఎంత సంతోషమో, ఆమె వాటిని చదువుతారని తెలిసి రాయడం అంత బెరుకు. అక్షరదోషం కనిపిస్తే ఆమె వెంటనే ఫోన్ చేస్తారు.

రెండువేల తొమ్మిదిలో ఆమె అప్రైజల్ విభాగ సమన్వయకర్తగా నియమితులయ్యారు. ఇంటికి అప్పు మంజూరు చేసేముందు ఒక స్వతంత్ర నిపుణుడు స్వయంగా వెళ్లి, ఇల్లంతా పరిశీలించి, విలువ నిర్ణయించడాన్నే మన వృత్తిలో అప్రైజల్ అంటారు. జాప్యమంతా ఆ నిపుణుడి బల్ల దగ్గరే జరుగుతోందని అందరూ విసుక్కుంటున్న రోజుల్లో, అసలు జాప్యం ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతోందని ఆమె గ్రహించారు. గరాజ్ తాళం దొరకదు, పెంపుడు కుక్క లోపలికి రానివ్వదు, ఒక గదిలో బల్బు వెలగదు. ఆయన మళ్లీ రావలసి వస్తుంది, రోజులు గడిచిపోతాయి. “వచ్చిన మనిషి మళ్లీ రాకూడదు” అన్నది నాటినుంచి ఆమె పట్టుదల. నిపుణుడితో వెల గురించి ఒక్క మాట అనడానికి కూడా ఆమె ఎవరినీ అనుమతించలేదు. వెల ఆయన పని, తలుపులు మన పని అని తేల్చి చెప్పేవారు.

ఆ పట్టుదలకు అసలైన పరీక్ష రెండువేల పద్నాలుగు వసంతంలో ఎదురైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అఖిల్, ఆయన భార్య రాగిణి తాము అద్దెకుంటున్న ఇంటినే కొనుక్కోదలచారు. నెలాఖరులోగా కొనుగోలు పూర్తికాకపోతే వేరేవారికి అమ్మేస్తానని యజమాని కచ్చితంగా చెప్పాడు. రాగిణి నిండు చూలాలు. సాయానికి ఆమె తల్లి రాజేశ్వరమ్మ గారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. “మీ అప్రైజల్ మంగళవారం పదింటికి, రెడీగా ఉండండి” అని చాముండేశ్వరి గారు అఖిల్ ఫోన్‌లో సందేశం వదిలారు.

అఖిల్ నిజంగానే రెడీ అయ్యారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసుకి వెళ్లి, మేనేజర్ గది ముందు కూర్చున్నారు. ఇక్కడ ఇంటి గుమ్మంలో నిపుణుడు గంట మీద గంట కొట్టాడు. రాజేశ్వరమ్మ గారు కిటికీలోంచి ఆయన్ను, ఆయన చేతిలోని టేపును చూశారు గాని, తెలియనివాళ్లకు తలుపు తీయవద్దన్న అల్లుడి మాట జవదాటలేదు. ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయనకు నెలాఖరు దాకా తీరిక లేదు.

“మేడమ్, అప్రైజల్ అంటే ఇంటిది కాదు, ఆఫీసులో నా పనితీరుదనుకున్నానండీ. సెల్ఫ్ రివ్యూ కూడా సబ్మిట్ చేసేశాను,” అన్నారు అఖిల్ ఫోన్‌లో.

ఆమెకు నవ్వు వచ్చింది. అంతలో రాగిణి ఫోన్ అందుకోవడంతో ఆ నవ్వు ఆగిపోయింది.

“ఈ కడుపుతో ఇల్లు ఎక్కడ వెతకనండీ? హాస్పిటల్ నుంచి బేబీని ఎక్కడికి తీసుకురాను?”

“ఇక్కడికే తెస్తావమ్మా. మిగతాది నేను చూస్తాను.”

అలా మాట ఇచ్చే అధికారం ఆమెకు లేదు. ఇచ్చేశాక మాత్రం ఆమె వెనక్కి తగ్గలేదు. ఎవరి ఇంటి సందర్శన రద్దయినా ఆ సమయం ఈ ఇంటికే ఇవ్వమని నిపుణుడి కార్యాలయాన్ని ఒప్పించి, ఆ సాయంత్రమే స్వయంగా ఆ ఇంటికి వెళ్లారు. గరాజ్‌లో, నిపుణుడు ఎక్కి చూడవలసిన అటక నిచ్చెన సరిగ్గా దిగే చోట బియ్యం బస్తాలు పేర్చి ఉన్నాయి. అఖిల్ చేత అవన్నీ తీయించారు. లోగడ వడగళ్లవానకు దెబ్బతిన్న ఇంటి కప్పు ఏ సంవత్సరంలో మార్చారో యజమానిని అడిగి కాగితం మీద రాయించారు. ఆ తరువాత రాజేశ్వరమ్మ గారిని కూర్చోబెట్టారు.

“అమ్మా, ఇది ఇంటికి పెళ్లిచూపులనుకోండి. గదులన్నీ తెరవాలి, లైట్లన్నీ వెయ్యాలి. వెంటపడి పొగడకూడదు, వెల మాట ఎత్తకూడదు.”

“మరి ఉప్మా?”

“అదీ వద్దు. మంచినీళ్లు చాలు.”

రెండు రోజులకు ఒక సందర్శన రద్దయింది. నిపుణుడు బయలుదేరానని ఫోన్ చేసేసరికి అఖిల్ దంపతులు డాక్టర్ దగ్గర ఉన్నారు. ఇంట్లో ఉన్నది ఇంగ్లీషు రాని రాజేశ్వరమ్మ గారు ఒక్కరే. అల్లుడు ఫోన్‌లో కబురు చెప్పడంతో, ఈసారి ఆయన గంట కొట్టకముందే తలుపు తెరుచుకుంది. ప్రతి గదిలో దీపం వెలుగుతోంది. ఆమె చేత్తో దారి చూపి, కాగితం అందించి, మంచినీళ్లిచ్చి పక్కకు తప్పుకున్నారు. గంటలోపే పని ముగిసింది, ఆయన మళ్లీ రావలసిన అవసరం కలగలేదు. నెలాఖరులోగా ఇల్లు వారిదైంది. పాప వేద పుట్టాక నేరుగా ఆ గుమ్మంలోకే వచ్చింది.

ఆనాటినుంచి చాముండేశ్వరి గారు తెలుగువారితో అప్రైజల్ అనే మాటను, పక్కన ఇంటికి పెళ్లిచూపులు అని చేర్చకుండా, ఒంటరిగా వాడలేదు. “పెళ్లిచూపులు అయ్యాయా?” అని అమెరికన్ సహోద్యోగులు సైతం తమ యాసలో అడిగే స్థితి వచ్చింది. మహమ్మారి కాలంలో పరాయి ఇంట అడుగుపెట్టడానికి నిపుణులు జంకుతున్నప్పుడు, దీపాలు వేసి, తలుపులు తెరిచి, కుటుంబమంతా పెరట్లో వేచి ఉండే పద్ధతి పెట్టి పని నడిపించారు. నేడు ఆ బాధ్యతలు స్వీకరిస్తున్న నమ్రత, హర్షవర్ధన్ ఆమె దగ్గర పని నేర్చుకున్నవారే, చీవాట్లు తిన్నవారే.

వాషింగ్టన్ రాష్ట్రం బాతెల్‌లో ఉన్న కుమార్తె స్మృతి దగ్గరకు వెళ్లేందుకు ఆమె ఇటీవల తమ ఇల్లు అమ్మకానికి పెట్టారు. నిపుణుడు వచ్చిన రోజు వంటింట్లోంచి ఉప్మా వాసన వచ్చిందని భర్త ఈశ్వరయ్య గారి ఆరోపణ. ఆమె దానిని నేటివరకు ఖండించలేదు.

రాజేశ్వరమ్మ గారు ఈ సంచికకు గుంటూరు నుంచి ఒక మాట పంపారు. “ఆ రోజు నేను తలుపు తీసుంటే ఆవిడ మా ఇంటికి వచ్చేదే కాదు. తియ్యకపోవడమే మంచిదయింది.”

చాముండేశ్వరి గారు ఈశ్వరయ్య గారితో కలిసి కొత్త ఊళ్లో సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు హాయిగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాం. వచ్చిన మనిషి మళ్లీ రాకూడదన్న ఆమె నియమాన్ని ఇన్నేళ్లూ తలవంచి పాటించాం. ఇకపై ఆమె విషయంలో మాత్రం దానిని పాటించలేం. ఆమె మళ్లీ మళ్లీ రావాలి.