ఎనిమిది వైర్లు, పది వేళ్లు

రాజనర్సు అనే పెద్దాయనకి షుగర్ మూడువందల పది ఉంటే, రిపోర్టులో ముప్పై అని పడింది. మధ్యలో ఒకటి మాయం. డాక్టర్ గ్లూకోజు ఎక్కించేలోపే నవతకి అనుమానమొచ్చి, ఫోన్ చేసి ఆపించి, రక్తం మళ్ళీ పరీక్ష చేసింది. హిమాయత్‌నగర్‌లో ఆ ల్యాబు నడిపేది ఆమే. ఎనిమిది మిషన్ల వైర్లూ ఒకే కంప్యూటర్‌లో, అంకెల్ని లోపలికి చేరవేసే సీరియల్ కార్డుకి వస్తాయి. అన్నీ ఒక్కసారే అంకెలు పంపితే కంప్యూటర్ అందుకోలేక, పాత అంకె మీద కొత్తది వచ్చి పడుతోంది.

మర్నాడు కొత్త కార్డు కోసం ఆబిడ్స్ వచ్చింది. దుకాణంలో మెకానిక్ ఎల్లేష్ రెండు రకాలు చూపించాడు. చవకదాంట్లో ఒక్కో వైరుకి ఒక్క అక్షరం నిలిచేంత చోటే ఉంది. ఖరీదుదాంట్లో చాలా పడతాయి, నిండొస్తే పొర్లిపోకుండా ఆగమని మిషన్‌కి చెబుతుంది కూడా. ఎటూ తేల్చుకోలేక ఆమె ఎల్లేష్‌తో కలిసి నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో కూర్చుని అదే మాట్లాడుతోంది. పక్క టేబుల్ భూపాల్‌ది. కంప్యూటర్లు బాగుచేస్తానని చెప్పుకుంటూ రోజూ అక్కడే కనిపించే మనిషి. చెవిన పడ్డ మాటని వదులుతాడా?

"చవకదే తీస్కో చెల్లె. పనితనం కార్డుల ఉండదు, చేతులల్ల ఉంటది. మొన్న కాచిగూడ పాలకేంద్రంల గిదే లొల్లి. ఎనిమిది కాంటాలు, ఒక్క కంప్యూటరు. పోయి జర స్క్రూ బిగించిన, అంతే."

"అంతేనా అన్నా?" అన్నాడు ఎల్లేష్.

"అంతేనా అంటే... కార్డే పీకి పారేసిన! ఎనిమిది వైర్లు ఎనిమిది వేళ్లకు సుట్టుకున్న. మిగిలిన రెండు వేళ్లతోని చాయ్ తాగిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గా స్పీడుకు, బర్రె ఇంకా పాలియ్యనేలేదు, లీటర్లు ప్రింటై బయటికొచ్చినయ్!"

"మరి బర్రె ఊకున్నదా?" అన్నారెవరో వెనకనుంచి.

"కాయితం జూసి గన్నే ఇచ్చింది. సుక్క ఎక్కువ లేదు, సుక్క తక్కువ లేదు!"

హోటలంతా ఇటు తిరిగింది. భూపాల్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఇంక ఇను. కోఠిల బ్యాంకులోళ్లకు తెలిసి, వాళ్ల వైర్లు తెచ్చి నా కాలివేళ్లకు కట్టిన్రు. రైలోళ్లు సిగ్నల్ వైరు తెచ్చి చెవికి సుట్టిన్రు. ఒక్క తుమ్ము తుమ్మిన, ఢిల్లీ పోయే బండి బొంబాయికి మళ్లింది!"

అందరూ నవ్వారు. నవతకి నవ్వు రాలేదు. ఆమె కళ్ళలో ఇంకా ఆ పెద్దాయనే ఉన్నాడు.

"అన్నా, గిన్ని వొచ్చి మీద పడుతుంటే, జర ఆగున్రి అని ఎవరికీ చెప్పలేదా?" అని అడిగింది.

"ఆగుడా!" భూపాల్ ఛాతీ చరుచుకున్నాడు. "ఆగుడన్నది మా వంశంలనే లేదు!"

"గందుకే పొర్లుతున్నది" అంది నవత లేస్తూ. "ఎల్లేష్, ఆగమని చెప్పేదే ప్యాక్ చెయ్ తమ్ముడు."

భూపాల్ ఏదో అన్నాడు. హోటల్లో పుట్టిన నవ్వులో ఆ మాట ఎవరికీ వినపడలేదు.