మేడ మీది మాట

ఫోన్ కంపెనీ కాల్ సెంటర్‌లో టీ విరామం. స్నేహితురాళ్లిద్దరూ హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకున్నారు.

"నీ హీరో ఇంకా మేడెక్కే మాట్లాడుతున్నాడా? గదిలో సిగ్నల్ రాకపోతే నెట్‌వర్క్ మార్చుకోమని చెప్పమన్నానుగా!"

"చెప్పానే. మార్చాడు కూడా. ఇప్పుడు మంచం మీదే సిగ్నల్ దంచేస్తోందట."

"మరింకేం?"

"అయినా మేడెక్కుతున్నాడు. నిన్న వానలో గొడుగేసుకుని మరీ!"

"పిచ్చా?"

"నేనూ అదే అడిగా. 'గదిలో అయితే టీవీ చూస్తూ ఊఁ కొడతాను. ఇక్కడైతే నీ మాట తప్ప ఇంకేం ఉండదు' అన్నాడు."

"అబ్బ! రోజంతా ఇంతమందితో మాట్లాడతాం, ఒక్కడైనా ఇలా వింటాడటే? ఇంతకీ నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? అప్పటిదాకా కూరలు తరుగుతూ వింటున్నా. కత్తి పక్కన పడేసి, నేనూ మా మేడెక్కాను."