దస్తీ ఏసిన సీటు

"అమ్మమ్మా, పొద్దున భద్రాచలం బస్సుల నీ పక్క సీటు మీద దస్తీ ఏసి కూసున్నవ్ గద, ఎవరి కోసం ఆపినవ్? ఎవ్వరూ రాకపాయె!"

ఎవరొస్తరే... ఎవరూ రారు. ఆ ఫోను గట్ల నా మూతికాడ పెట్టకు, కింద పెట్టు. ఆఁ, అక్కడ. గక్కడి నుంచి నా మాట రికార్డయితదా? సరే. కొత్తగూడెంల ఎక్కిన పెద్దాయన పాపం పాల్వంచ దాక నిలవడే ఉన్నడు, నన్ను జూసుకుంట ఏందో గొణుక్కున్నడు. కండక్టరు గూడ "అమ్మా, మనిషి యాడుంది, దస్తీకి టికెట్ కొడ్తనా?" అన్నడు. అననీ. అనిపించుకునుడు నాకేం కొత్త గాదు.

ఈ దస్తీ ముచ్చట చెప్పాల్నంటే కువైటు దాక పోవాలె బిడ్డా. అంత ఓపికుందా నీకు?

మీ తాతకు ఇల్లందుల వెల్డింగు షాపుండె, బస్టాండు ఎనక. కాదు కాదు, అది వచ్చినంక పెట్టింది. అప్పట్ల వాళ్ళ అన్న షాపుల జేస్తుండె. అన్నోళ్ళ కింద ఎన్నేండ్లు చేస్తనని కువైటు పోయిండు. రెండేండ్లకు నేనూ పోయిన, ఒకళ్ళింట్ల పిల్లలను జూసుకునే పనికి. మీ అమ్మకు అప్పుడు ఆరేండ్లు, వైరాల మా అమ్మకాడ ఇడిసిపెట్టిన. మేము పోతుంటే మా చిన్నత్త ఏమన్నదో ఎర్కనా? "నీకేందే, మొగని ఎంట దేశాలు తిరుగుతవ్" అని మూతి మూడు వంకర్లు తిప్పింది. అందరూ గట్లనే అనుకున్నరు, కువైటుల కాపురం జేస్తున్నరని.

ఏం కాపురం! ఆయన ఊరికి ఆ కొసన క్యాంపుల, ఒక్క రూముల పదిమంది మొగోళ్ళు. నేను ఈ కొసన, వాళ్ళ వంటింటి పక్క చిన్న అర్రల. వారానికి ఒక్క శుక్రారం, పగటీలి రెండింటికి ఇడుస్తుండ్రి, ఆరింటికల్ల మళ్ళ ఇంట్ల ఉండాలె. ఆ నాలుగు గంటలు మొగుడు పెండ్లాం యాడ కూసోవాలె చెప్పు? ఆ ఎండకు రోడ్డు మీద నిలవడొస్తదా? హోటల్ల చాయ్ తాగినంక లేవమంటరు. ఇక్కడ చాయ్ అర్ధరూపాయి ఉన్న రోజులల్ల అక్కడి రేటు పెట్టి చాయ్ తాగాల్నంటే నాకు గొంతుల పడకపోతుండె అనుకో. అందుకని బస్సెక్కుతుంటిమి. నేను మొదట్ల ఎక్కి, పక్క సీటు మీద దస్తీ ఏస్తుంటి. నాలుగో స్టాపుల మీ తాత ఎక్కి, దస్తీ తీసి మడతపెట్టి, నా చేతికిచ్చి కూసుంటుండె. ఆ కొస దాక పోవుడు, మళ్ళ ఈ కొస దాక వచ్చుడు. మా ఇల్లు గదే.

మాట్లాడుకుంటిరా అంటవేమో. మీ తాత ఏం మాటకారి? "తిన్నవా. ఉత్తరం వచ్చిందా. పిల్ల మంచిగున్నదా." గంతే. ఇగ కిటికీల నుంచి బయటకు జూసుకుంట కూసునుడు. కని ఆయన భుజం నా భుజానికి ఆనుకోని ఉంటుండె. నాకు గది చాలు. వారమంతా ఆ భుజం కోసమే ఎదురు జూస్తుంటి. నవ్వకు, నీకూ పెండ్లయితది.

ఒక శుక్రారం ఏమైందంటే, దస్తీ ఏసి నేను కిటికీ దిక్కు తిరిగిన. ఒక లావుపాటి ఆమె, నల్ల బురఖా, ఎక్కింది. నా దస్తీని రెండేళ్ళతోని ఎలకను పట్టినట్టు పట్టి, నా ఒళ్ళ పడేసి, దబ్బున కూసుంది. వాళ్ళకేం ఎర్క మన దస్తీ సంగతి! నాకు ఒళ్ళు మండింది. "ఏందమ్మా, దస్తీ ఏసింది కండ్లకు కనపడ్తలేదా? మనిషొస్తడని ఎర్కలేదా?" అని తెలుగుల్నే లేసిన. ఆమె నా మొఖం జూస్తది, నేను ఆమె మొఖం జూస్త. గప్పుడు ఎనక నుంచి కిలకిలా ఒక నవ్వు. "అక్కా! రుమాలేసి సీటు ఆపుకునేవాళ్ళు ఈ దేశంలో కూడా ఉన్నారా అండీ!"

గదే సత్యవతి. గోదారి దిక్కుదంట. దవాఖానల ఊడ్సే పని. నా కంటె ఐదారేండ్లు చిన్నది, సన్నగ, చామనఛాయ. నవ్వితే సొట్టలు పడ్తుండె, అబద్ధమెందుకు. అది వచ్చి ఆ బురఖా ఆమెతోని అరబ్బీల ఏందో బతిమాలింది. ఆమె లేసి ముంగట సీట్లకు పోయింది. మంచిపని చేసింది గద, కాదనను. నాలుగో స్టాపుల మీ తాత ఎక్కంగనే, నేను నోరు తెరవక ముందే అదే అన్నది: "బావగారూ, మీ సీటు కాపాడింది నేనండీ, గుర్తుపెట్టుకోండి!"

మీ తాత నవ్విండు. పండ్లు మొత్తం కనపడేటట్టు నవ్విండు. నా పెండ్లయి పదేండ్లు, ఆ పండ్లన్ని నేను ఆ దినమే జూసిన.

ఆనాటి నుంచి ప్రతి శుక్రారం హాజరు. మా ముంగటి సీట్ల కూసుని, మొత్తం ఎనకకు తిరిగి, మొఖం ఆయన దిక్కు పెట్టి ముచ్చట్లు. పానకంల పుడక అంటరు సూడు, గట్ల. జంతికలు తెస్తుండె. మురుకులనరాదు? ఆయన కరకర నములుకుంట "బాగున్నయ్" అంటడు. నేను పెట్టిన కూడు తిని ఒక్కనాడన్న బాగుందన్నడా? అడుగు. పోయి అడుగుదామంటే ఇప్పుడు లేడాయె.

అది నన్ను "అక్కా" అంటది, సూడు, అక్కడ వచ్చింది నాకు మంట. అక్కా అంటే ఏమైతది? నా మొగుడు దానికి బావ. బావంటే మరదలు సరసమాడొచ్చు, ఎవ్వరూ ఏమనరు. మన దిక్కు అక్క పోతే చెల్లెను ఇచ్చి చేసినోళ్ళు ఎంతమంది లేరు? నాకు రాత్రులు నిద్ర పట్టకపోతుండె. దానికి మొగుడున్నడో లేడో నేను అడగలే. ఉన్నడంటే సరే. లేడంటే నా గతేంది?

ఒకసారి కావాల్నని, అది స్టాండుకు రాకముందే ముందటి బస్సు ఎక్కిన. ఆయన ఎక్కి కూసున్నడు. తిన్నవా అనలే, ఉత్తరం వచ్చిందా అనలే. "ఇయ్యాల సత్యవతి రాలేదేంది?" అన్నడు. ఇగ జూసుకో! నా కండ్లల్ల నిప్పులు పోసినట్టయింది. ఆ దినం బస్సు దిగేదాక నేను నోరు ఇప్పలే. ఆయనకు అది గూడ ఎర్కలే.

మల్ల శుక్రారం, ఆయన ఎక్కకముందే దాన్ని పట్టుకున్న. "ఇగో సత్యవతీ, ఇయ్యాల్టి సంది నన్ను అక్కా అనకు. వదినె అను." ఎంత తెలివి జూడు నాది! వదినె అంటే మీ తాత దానికి అన్న అయితడు. అన్నకు చెల్లెకు ఇగ సరసమేంది? ఒక్క మాటతోని ముడి ఏసిన అనుకున్న.

 దాని కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. "వదినా... నాకు తోడబుట్టినోళ్ళెవరూ లేరు. ముందే ఎందుకు చెప్పలేదు?" అని నా చెయ్యి పట్టుకుంది. ఆయన ఎక్కంగనే "అన్నయ్యా!" అన్నది. మీ తాతకూ చెల్లె లేకపాయె గద, నలుగురు మొగోళ్ళే. ఆయన మొఖం ఎట్లయిందో... ఇగ నేనేం చెప్పాలె. నెత్తి మీద చెయ్యి పెట్టిండు. దాని నెత్తి మీద. బస్సుల. అందరి ముంగట.

కొరివితోని తల గోక్కున్న బిడ్డా! ఆడబిడ్డ అర్ధమొగుడు అని మనోళ్ళు ఊకనే అన్నరా? మరదలుగ ఉన్నప్పుడు నవ్విపోతుండె. ఇప్పుడు నాకు ఆడబిడ్డాయె, పెత్తనం షురువైంది. "వదినా, అన్నయ్య చిక్కిపోయాడు, ఏం పెడుతున్నావు?" బస్సుల నేనేం పెడ్త? "వదినా, అన్నయ్య చొక్కాకి గుండీ లేదు, చూసుకోవా?" మల్ల వారం సూది దారం తెచ్చి, నడిచే బస్సుల, ఆయన ఒంటి మీదనే అంగీకి గుండీ కుట్టింది. పంటితోని దారం తెంపింది. నా మొగుని అంగీ గుండీ! నేను కిటికీ అద్దానికి నుదురు ఆనిచ్చి కూసున్న.

గట్లనే ఐదారు నెలలు గడిచినయ్. ఒకనాడు స్టాండుకాడ నా చేతుల తాళపుచెయ్యి పెట్టింది. దవాఖానోళ్ళు ఇచ్చిన రూమంట, తోటి ఆమెకు శుక్రారం డ్యూటీ అంట. "వదినా, ఎన్నాళ్ళు ఇలా బస్సులో? నువ్వూ అన్నయ్యా మా గదికెళ్ళండి. సాయంత్రం దాకా నేను రాను. ఆడపడుచుని చెబుతున్నా, మారు మాట్లాడకు." "మరి నువ్వు యాడుంటవ్?" అన్న. "బస్సులోనే. నాకు అలవాటేగా" అన్నది.

సిగ్గయింది. పోయినం. ఆయన తలుపు తీసి, లోపటికి పోంగనే టక్కున లైటేసిండు. "స్విచ్చి యాడుందో నీకెట్ల ఎర్క? ఇంతకుముందు వచ్చినవా?" అన్న. "తలుపు పక్కన గాక నెత్తి మీదుంటదానే?" అన్నడు. ఇగ లొల్లి. రెండు గంటలు! దేవుడు ఇయ్యక ఇయ్యక ఒక అర్ర ఇస్తే, నేను స్విచ్చి మీద లొల్లి పెట్టిన. ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. మల్ల వారాలు మంచిగున్నం అనుకో. అవన్ని నీకెందుకు.

ఆ మొదటి దినం సాయంత్రం తాళపుచెయ్యి ఇద్దామని స్టాపుకు వస్తే, బస్సొచ్చింది. కిటికీల సత్యవతి. ఎండకు మొఖం నల్లగ మాడింది, మూడున్నర గంటలు ఆ కొసకు ఈ కొసకు తిరిగింది గద. దాని పక్క సీటు మీద దాని రుమాలు. "ఎక్కు వదినా, మీకోసం సీటు ఆపా!" అన్నది. నాకు ఏడుపొచ్చింది. కని అందుల గూడ కుళ్ళే ఉండె బిడ్డా. దాని తీరు మంచిదాన్ని నేనెందుకు కాకపోతినని.

ఇగ అసలుది చెప్త. ఇది మీ తాతకు చెప్పలే, మీ అమ్మకు చెప్పలే.

ఏడాది గడిచింది. ఒక శుక్రారం ఆయన దాన్ని ఊరి పేరు, పోస్టు అడ్రసు అడిగిండు. "ఇండియా పోయినంక మా ఇంటికి రావాలె, చెల్లెకు చీర పెట్టాలె" అన్నడు. అది కాయితం మీద రాసింది. ఆయనకియ్యలే, నాకిచ్చింది. "అన్నయ్య పారేసుకుంటాడు, నీ దగ్గర ఉంచు వదినా" అన్నది. నన్ను నమ్మింది. అది దిగినంక ఆయన అటు తిరిగి ఉన్నప్పుడు, కిటికీల నుంచి ఆ కాయితం ఇడిసిన. ఇండియాకొచ్చినంక గూడ ఉత్తరాలు రాసుకుంటరా, ఇగ నాకంటూ ఏం మిగుల్తదని ఇడిసిన. గాలికి కొట్టుకపోయింది.

నెల తిరగలే, పక్క దేశపోళ్ళ మిలట్రీ కువైటు మీద పడ్డది, లడాయి వచ్చింది. ఎవరు యాడ పోయిండ్రో! మేము ఎడారిల లారీలెక్కి, గుడారాలల్ల పండుకోని, చివరికి బొంబాయిల దిగినం. సత్యవతి వచ్చిందో లేదో తెల్వదు. ఇల్లందుకు వచ్చినంక ఆయన మొదలు అడిగింది "చెల్లె అడ్రసు తియ్యి" అని. "సామాన్ల పోయింది" అన్న. "పాయెనా" అని ఒక్క మాటన్నడు.

ఇగ ప్రతి ఏడాది శ్రీరామనవమికి భద్రాచలం పోవుడు. దేవుని మీద భక్తి అనుకున్నరు అందరు. గోదారి దిక్కోళ్ళు వస్తరు గద కల్యాణానికి, ఆయన వాళ్ళ మొఖాలు జూస్తుండె. "అండీ" అని మాట ఇనవడితే తల తిప్పుతుండె. నేను పక్కనే ఉండి, సత్యవతి కనపడొద్దని మొక్కిన కొన్నేండ్లు. తర్వాత కనపడాల్నని మొక్కిన. ఏ మొక్కు ఎవరికి ముట్టిందో.

మీ తాత పోయే ముందు ఖమ్మం దవాఖానల పదకొండు దినాలున్నడు, నీకు యాదికుందా? నువ్వు చిన్నదానివి. ఒకనాడు పొద్దుగాల కండ్లు తెరిచిండు. మంచం పక్కన ఒక్క కుర్చీ, అండ్ల నేను కూసున్న. ఆ కుర్చీ దిక్కు జూసి, "దస్తీ ఏయ్. చెల్లె వస్తది" అన్నడు.

నేను లేసిన. దస్తీ ఏసిన. నేల మీద కూసున్న. అప్పుడన్న చెప్పాల్సింది, కాయితం నేనే ఇడిసిన అని. 

గందుకే బిడ్డా. ఎవరేమన్న అననీ, ఏస్త. ఒక్కసారన్న వచ్చి కూసుంటే... ఇప్పటికీ దాని మీద నాకు కుళ్ళే, దాయను, ఆయన ఆఖరికి దాన్నే తలుచుకున్నడు. కని ఆ పక్క సీటు దానిదే. సరే తియ్, ఆ ఫోను బందు పెట్టు. నీకు మంచి పిలగాడు దొరకాలె, నీ పక్కన భుజం ఆనిచ్చి కూసోవాలె. ఎవరన్న నిన్ను అక్కా అంటే అననీ. వదినె అన్నా అననీ. ఏ కాయితమిచ్చినా కొంగున ముడేసుకో బిడ్డా... ఆ దస్తీ యాడ పెట్టిన్నే? ఇట్ల తే.